మొక్కలు ముద్దు, మానులు వద్దు

మన బడుల్లో భూతాపం మీద యుద్ధం ఏటా జులైలో ఓ పొద్దున మొదలై, ఆ సాయంత్రం ఐదింటికల్లా ముగుస్తుంది. ఐదింటికే ఎందుకయ్యా అంటే, ఫొటోలు పంపడానికి ఎంఈవో గారు వాట్సాప్ గ్రూపులో పెట్టిన గడువు అది. ఐదు దాటితే భూగోళం ఏమైపోతుందో తెలియదు గానీ, హెడ్మాస్టరు గారికి మాత్రం మెమో వస్తుంది.

యుద్ధభూమి ప్రహరీ పక్కన ఉంటుంది. ప్రహరీ లేని బడిలో జెండా దిమ్మె పక్కన. నిరుడు తవ్విన గుంత అక్కడే నోరు తెరుచుకుని ఉంటుంది. నిరుటి మొక్క మేకకు దక్కిందో, వేసవి సెలవుల్లో మాడిపోయిందో, కబడ్డీ కూతలో కాళ్ల కింద నలిగిందో ఏ రిజిస్టరులోనూ రాసి ఉండదు. ఏడో తరగతి కుర్రాడొకడు పలుగుతో ఆ గుంతనే ఇంకాస్త లోతు చేస్తాడు. అప్పుడు సర్పంచి గారు, కమిటీ చైర్మన్ గారు, బీట్ ఆఫీసరు గారు, హెడ్మాస్టరు గారు, వారి వెనక నలుగురు టీచర్లు వంగి జానెడు కానుగ మొక్కను కలిసికట్టుగా పట్టుకుంటారు. అంతమంది పెద్దలు పట్టుకున్నాక మొక్కకు ఊపిరాడే సందు ఉండదు. కింద నల్ల సంచి విప్పారా లేదా అన్నది ఎవరికీ పట్టదు. సంచితో సహా పాతినా పైన ఆకు పచ్చగానే ఉంటుంది, ఫొటోకు అది చాలు. "ఒరేయ్, కాస్త నవ్వండ్రా, ఏడుపు మొహాలూ మీరూనూ" అని పీఈటీ సారు అదిలిస్తే వెనక వరుసలో ముప్ఫై మంది పిల్లలు నవ్వుతారు. ఫొటో కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము పడాలి. ఒక్క క్లిక్కు. ఆ తర్వాత ఆ మొక్కతో సర్కారుకు గానీ, సర్కారుతో ఆ మొక్కకు గానీ ఏ సంబంధమూ ఉండదు.

మొక్కై వంగనిది మానై వంగదంటారు. ఈ సామెతను మన పాలకులు నమ్మినంతగా ఇంకెవరూ నమ్మినట్టు లేరు. మాను అయ్యిందంటే వంగదని భయం, అందుకే ప్రతి కార్యక్రమాన్నీ మొక్క దగ్గరే ముగించేస్తున్నారు. నేనంటున్నది చెట్ల సంగతి ఒక్కటే కాదు, పిల్లల సంగతి కూడా. ఆ ముచ్చటకు కాసేపట్లో వస్తాను.

1950లో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవం మొదలుపెట్టారు. అప్పట్నుంచీ నాటుతూనే ఉన్నాం. 2015లో తెలంగాణ హరితహారం 230 కోట్ల మొక్కలంది, 24 శాతం పచ్చదనాన్ని 33 శాతానికి పెంచుతామంది. 2017 జులై 2న మధ్యప్రదేశ్ పన్నెండు గంటల్లో ఆరు కోట్ల మొక్కలు నాటేశానని చెప్పుకుంది. ఈ లెక్కలన్నీ నిజమైతే ఈపాటికి మనం ఆఫీసుకు కొడవలితో దారి కొట్టుకుంటూ వెళ్లాల్సి వచ్చేది. మొక్కలు బతకడం లేదన్న గోల లేచిందని, తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటినవాటిలో 85 శాతం బతికి తీరాలని రాశారు, లేకుంటే సర్పంచి పదవికే ఎసరన్నారు. చట్టం చేసిన మేలు తక్కువేం కాదు. ఆ రోజు నుంచి కాగితం మీద మొక్కలు చావడం మానేశాయి.

కోనోకార్పస్ కథ మీకు గుర్తుండే ఉంటుంది. పరాయి దేశపు మొక్క, ఎండకు జంకదు, చూస్తుండగానే ఏపుగా లేస్తుంది. ఫొటోల కోసం ఇంతకన్నా మంచి చెట్టును బ్రహ్మ కూడా పుట్టించలేదు. రోడ్ల మధ్యన, పార్కుల్లో, బడుల్లో దాన్నే దించారు. పుప్పొడితో ఎలర్జీలంటూ, వేళ్లు పైపుల్లోకి దూరుతున్నాయంటూ జనం మొత్తుకున్నాక, 2022లో తెలంగాణలో ఇక దాన్ని నాటొద్దన్నారు. నాటినప్పుడు హరిత సైనికులన్న పిల్లలను, ఆ చెట్లను నరికినప్పుడు ఏమనాలో ఎవరూ చెప్పలేదు. దీని మీద పిట్ట వాలడం లేదేంటి సార్ అని ఏ తరగతిలోనైనా ఒక్క పిల్లాడు అడిగి ఉంటే కథ అక్కడే తేలేది. కానీ అడగడం మన ఇకో క్లబ్బు కార్యక్రమాల్లో లేదు కదా.

2024 జూన్ 5న కేంద్రం 'ఏక్ పేడ్ మా కే నామ్' అంది. అమ్మ పేరున ఓ మొక్క. ఇంతకాలం గుంత దగ్గర ఎమ్మెల్యే గారి పేరుండేది, ఇప్పుడు అమ్మ పేరొచ్చింది. ఆ మేరకు సంస్కరణే అనుకోవాలి. ఇందులో అమ్మకు దక్కిందల్లా, సాయంత్రం ఉతకడానికి మోకాళ్ల దాకా బురదంటిన యూనిఫాం.

మొక్క పాతి చేతులు కడుక్కున్నాక ప్రతిజ్ఞ. 2022 అక్టోబరు 20న గుజరాత్‌లోని కేవడియాలో ప్రధాని మోదీ, ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ కలిసి మిషన్ లైఫ్ ప్రారంభించారు. పర్యావరణానికి చేటు చేయకుండా బతకడానికి 75 పనుల జాబితా ఇచ్చారు. ఇప్పుడు బళ్లలో ఇకో క్లబ్బులకు కూడా దాని పేరే తగిలించారు. జాబితా మంచిదే, కాదనను. దాన్ని ఎవరికి చదివి వినిపిస్తున్నారన్నదే నా పేచీ. రేకుల గదిలో, తిరగని ఫ్యాను కింద, ఎనిమిదో తరగతి పిల్లాడు కుడి చెయ్యి చాపి నిలబడి వింటాడు: ఏసీని 24 డిగ్రీల దగ్గర ఉంచాలి. ఎర్రలైటు పడ్డప్పుడు బండి ఇంజను ఆపాలి. దగ్గరి దూరాలకు సైకిలు వాడాలి. వాడి ఇంట్లో ఏసీ లేదు. వాడి ఊళ్లో ఎర్రలైటు లేదు. సైకిలు కొనిపెట్టమని రెండేళ్లుగా నాన్న వెంట పడుతున్నాడు.

భూమిని వేడెక్కించిన పాపంలో ఈ పిల్లాడి వాటా ఎంత? ఉన్నది రెండు జతల యూనిఫాం, అన్న విడిచిన చొక్కా, స్టీలు కంచం, రానూపోనూ కాలినడక. ప్రపంచంలోని పర్యావరణవేత్తలందరూ కలిసి కోరుకునే జీవితం ఏదైనా ఉంటే అది వీడు పుట్టినప్పట్నుంచీ బతుకుతున్నదే, కాకపోతే ఇష్టపడి కాదు. అలాంటివాడి చేత "నేను నీరు వృథా చేయను" అని ప్రమాణం చేయిస్తున్నారు. బోరింగు పాడై ఎన్నాళ్లయిందో! వృథా చేద్దామన్నా చుక్క రావాలి కదా.

ఇక ఫీజులు గుంజే బళ్ల సంగతి. అక్కడ యుద్ధం ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం నాడు. ముందు రోజు రాత్రి తొమ్మిదింటికి గ్రూపులో మెసేజి పడుతుంది: రేపు పిల్లలందరూ గ్రీన్ డ్రెస్‌లో రావలెను. ఇంట్లో ఉన్నది ముదురాకుపచ్చ, మిస్సు చెప్పింది లేతాకుపచ్చ. తండ్రి బండి తీసి, పెట్రోలు కాల్చి, నాలుగు షాపులు తిరిగి, భూమాతను కాపాడే చొక్కా కొనుక్కొస్తాడు. తెల్లారి బడికి వెళ్తే గేటుకు ఫ్లెక్సీ, దాని మీద 'ప్లాస్టిక్‌కు నో చెబుదాం'. వేదిక మీద థర్మకోల్ భూగోళం, పిల్లల చేతుల్లో ప్లాస్టిక్ జెండాలు, పుల్లలకు గుచ్చిన బెలూన్లు. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులను 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధించారు. ఆ జాబితాలో అలంకరణ థర్మకోల్ ఉంది, ప్లాస్టిక్ జెండాలున్నాయి, బెలూన్ల పుల్లలున్నాయి, వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లున్నాయి. దాన్ని డెకరేషన్ సామాన్ల చీటీ అనుకున్నారో ఏమో, ఒక్కటీ వదలకుండా తెప్పించారు.

చార్టుల పోటీ ఉంటుంది. చార్టు వేసేది అమ్మ, ప్రైజు తీసుకునేది పాప. ఏ చార్టు చూసినా కరిగే మంచుగడ్డ, దాని మీద ఏడ్చే తెల్ల ఎలుగుబంటి. విజయవాడ బడిలోనూ అదే బొమ్మ. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్ ఇళ్లలోకి వచ్చి కూర్చుంటే, తాగే నీళ్ల కోసం మేడల మీద నిలబడి పడవలకు చేతులూపిన ఊరది. కాకినాడ బడిలోనూ ఎలుగుబంటే. పక్కనే ఉప్పాడ ఏటికేడు సముద్రం పాలవుతోంది. ఎలుగుబంటిలో ఉన్న సుఖం వేరు. దాన్ని గీస్తే మన ఊళ్లో ఎవరికీ కోపం రాదు. బుడమేరును గీయాలంటే దాని గట్టు ఎవరు కలుపుకున్నారో, ఏ వెంచరు ఎవరిదో కూడా గీయాలి. ఆ వెంచరు ఓనరు పాప అదే బడిలో ఫస్టు బెంచీలో కూర్చుని ఉండొచ్చు.

అసలు వాతావరణం దగ్గరికి వద్దాం. మార్చి 15 వచ్చిందంటే రెండు రాష్ట్రాల్లోనూ ఒంటిపూట బడులు. ఎండ నుంచి పిల్లలను కాపాడే ఏర్పాటట. పొద్దున చల్లగా ఉన్నంతసేపూ లోపల కూర్చోబెట్టి, పన్నెండున్నరకు, సూర్యుడు నడినెత్తికి చేరాక, అన్నం పెట్టి రోడ్డు మీదికి వదులుతారు. 2015 వేసవిలో వడగాడ్పులకు రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా పోయారు. ఆ తర్వాత వడగాడ్పుల ప్రణాళికలు ఏటేటా రాసుకుంటూనే ఉన్నాం. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం కూడా తెచ్చింది. పైకప్పుకు ఎండను వెనక్కి కొట్టే పూత వేస్తే లోపల వేడి తగ్గుతుంది, ప్రభుత్వ భవనాలకు ఇది తప్పనిసరి అని అందులో ఉంది. బడి ప్రభుత్వ భవనమే కదా అని అడక్కండి. రంగుల మీద మనవాళ్లకు శ్రద్ధ లేదనీ అనకండి. ఆంధ్రలో పంచాయతీ ఆఫీసులకు పూసిన పార్టీ రంగులను 2020లో హైకోర్టు చెప్పి తీయించాల్సి వచ్చింది, అంత శ్రద్ధ. పైకప్పు ఒక్కటే ఏ పార్టీ కంటా పడలేదు. కింద నడిచే ఓటరుకు అది కనపడదు మరి.

కేరళను చూసి మనమూ వాటర్ బెల్ పెట్టుకున్నాం. గంట కొట్టగానే అందరూ సీసాలెత్తి నీళ్లు తాగాలి. తొమ్మిదో తరగతి ఆడపిల్లల వైపు ఓసారి చూడండి. సీసా ఎత్తుతారు, పెదాలు తడుపుకుంటారు, మూత పెట్టేస్తారు. తాగితే గంటలో వెళ్లాల్సిన చోట నీళ్లు రావు, తలుపుకు గడియ లేదు. ఆ సంగతి ఆ పిల్లలు ఏ సారుకూ చెప్పరు, ఏ సారూ అడగరు. గంట కొట్టినట్టు రిజిస్టరులో మాత్రం రాస్తారు. యూనిసెఫ్ లెక్క ప్రకారం 2024లో ఎండలు, వరదలు, తుపాన్ల వల్ల ప్రపంచంలో 24.2 కోట్ల మంది పిల్లల చదువు దెబ్బతింది. వాళ్లలో మన దేశం పిల్లలే ఐదు కోట్ల పైచిలుకు. పిల్లలను వాతావరణ కార్యాచరణలోకి ఎలా దింపాలా అని మనం స్టార్ హోటళ్లలో సదస్సులు పెట్టుకుంటున్నాం. వాతావరణం వాళ్లను ఎప్పుడో దింపేసింది.

చదువులోనైనా ఉందా అంటే, పర్యావరణాన్ని తప్పనిసరిగా బోధించాలని ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. చెప్పినందుకు పుస్తకాలు వేశాం, ప్రాజెక్టులు రాయిస్తున్నాం, ఆ ప్రాజెక్టులు జిరాక్సు షాపుల్లో రెడీగా దొరుకుతున్నాయి. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించాలని ఎన్‌సీఈఆర్‌టీకి జాలి కలిగి, పదో తరగతి సైన్సులో శక్తి వనరుల పాఠాన్నీ, సహజ వనరుల నిర్వహణ పాఠాన్నీ తీసేసింది. రెండో పాఠంలో చిప్కో ఉద్యమం ఉండేది. ఖేజ్రీ చెట్ల కోసం ప్రాణాలిచ్చిన రాజస్థాన్ అమృతాదేవి బిష్ణోయి ఉండేది. ఆంధ్రలో పదో తరగతికి ఆ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలే వచ్చాయి. అంటే పిల్లలు చెట్లు నాటవచ్చు, చెట్లను కావలించుకున్నవాళ్ల గురించి చదివితే మాత్రం భారం.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, గుంత వెనక నవ్విన ముప్ఫై మందిలో ఒకరిద్దరు చెప్పిన పాఠాన్ని నిజమని నమ్మేస్తారు. వాళ్లే పెరిగి యూనివర్సిటీలకు వస్తారు. చిక్కంతా వాళ్లతోనే.

2025 మార్చి 30, ఉగాది. మర్నాడు రంజాన్. కోర్టులకు సెలవులు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లోకి ప్రొక్లెయినర్లు దిగాయి. ఐటీ కోసం ఆ భూమిని వేలం వేయాలని సర్కారు సంకల్పం. కంచే చేను మేయడం తాతల నాడే చూశాం, కంచనే మేసే రోజు ఇప్పుడొచ్చింది. విద్యార్థులు అడ్డం వెళ్లారు. ఇకో క్లబ్బులో చేయించిన ప్రతిజ్ఞను కాస్త ఆలస్యంగా అమలు చేశారు, అంతే. పోలీసులు వాళ్లను ఈడ్చుకెళ్లి వ్యాన్లలో వేశారు, కేసులు పెట్టారు, ఇద్దరిని జైలుకు పంపారు. రాత్రిళ్లు లైట్లు పెట్టి మరీ చదును చేశారు. చీకట్లో నెమళ్ల అరుపులు, పరుగెత్తే జింకలు ఫోన్లలో తిరిగితే, అవి ఏఐతో చేసినవంది సర్కారు. జింకలు ఏఐ, నెమళ్లు ఏఐ, ప్రొక్లెయినర్లు ఒక్కటే అసలువి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనే వేళకే వంద ఎకరాల దాకా బోడి అయింది. పోయిన పచ్చదనాన్ని ఎలా తిరిగి తెస్తారో ప్రణాళిక పట్టుకురమ్మని ఏప్రిల్ 16న కోర్టే అడిగింది. పిల్లల మీద కేసులు ఎత్తేస్తామని పెద్దలు దయతలిచారు.

తర్వాత వానలొచ్చాయి, వానలతోపాటు వనమహోత్సవమూ వచ్చింది. 2025 జులై 7న రాజేంద్రనగర్‌లోని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ముఖ్యమంత్రి రుద్రాక్ష మొక్క నాటారు. ఆ ఏడాది లక్ష్యం 18 కోట్ల మొక్కలు. చోటు బాగా ఎంచారు. అదే యూనివర్సిటీ భూమిలో వంద ఎకరాలను కొత్త హైకోర్టుకు ఇవ్వొద్దని 2024 జనవరిలో విద్యార్థులు ధర్నా చేశారు. స్కూటీ మీద పోతూ ఓ విద్యార్థిని జుట్టు పట్టి ఈడ్చిన మహిళా కానిస్టేబుళ్ల వీడియో అప్పుడు రాష్ట్రమంతా చూసింది. ఇది ఒక్క పార్టీ గుణమని ఎవరూ సంబరపడనక్కర్లేదు. ముందున్నవాళ్లు కోకాపేట భూములు వేలం వేసినప్పుడు ఇప్పుడున్నవాళ్లు గొంతు చించుకున్నారు, ఇప్పుడు ముందున్నవాళ్లు గచ్చిబౌలి నెమళ్ల కోసం కన్నీరు కార్చారు. మన దగ్గర చెట్ల మీద ప్రేమ ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్లు ఉండే జ్వరం. ప్రమాణ స్వీకారం రోజున దిగిపోతుంది.

ఢిల్లీ తక్కువ తినలేదు. 2020లో పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనలను సడలించొద్దని, వాతావరణం కోసం గొంతెత్తే ఫ్రైడేస్ ఫర్ ఫ్యూచర్ పిల్లలు పర్యావరణ మంత్రి గారికి ఈమెయిళ్లు రాయించారు. ఉత్తరాలు ఎక్కువయ్యాయని వాళ్ల వెబ్‌సైటుకు ఢిల్లీ పోలీసులు ఉగ్రవాదులకు పెట్టే ఉపా చట్టం కింద నోటీసిచ్చారు. తర్వాత అది గుమస్తా పొరపాటన్నారు. ఈమెయిలుకూ బాంబుకూ తేడా తెలియని గుమస్తా ఎవరో గానీ, ఆ ఉద్యోగం ఇప్పటికీ భద్రంగానే ఉండి ఉంటుంది. పిల్లల నోరు మూయించే ఈ విద్యలో దుబాయి వాళ్లు మనకన్నా ఆరితేరారు. 2023 డిసెంబరులో అక్కడ జరిగిన కాప్ 28 వాతావరణ సదస్సుకు అధ్యక్షుడు అబుధాబి చమురు కంపెనీ అధిపతి. బొగ్గు, చమురు ఆపండని అట్ట పట్టుకుని మణిపూర్‌కు చెందిన పన్నెండేళ్ల లిసిప్రియ కంగుజం వేదిక ఎక్కేసింది. ఎంత ఉత్సాహవంతురాలో అని నిర్వాహకులు మెచ్చుకుని, సభ చేత చప్పట్లు కొట్టించి, ఆ తర్వాత బయటికి పంపించారు. మన పోలీసు కమిషనర్లను ఓ వారం అక్కడికి శిక్షణకు పంపితే లాఠీల ఖర్చు మిగులుతుంది.

బడి పిల్లలు చేయదగ్గ పనులు లేక కాదు. కేరళలో హయ్యర్ సెకండరీ బళ్లలో వాతావరణ కేంద్రాలు పెట్టి వాన, ఎండ, గాలి లెక్కలు పిల్లల చేతే రాయిస్తున్నారు. మనకు అంత కూడా వద్దు. ఒక థర్మామీటరు, ఒక తెల్ల కాగితం, ఐదు రూపాయలు చాలు. ఐదు రూపాయలెందుకంటే, మన దగ్గర సమాచార హక్కు దరఖాస్తుకు మండల స్థాయిలో రుసుము అంతే. పంచాయతీకైతే అదీ లేదు.

తొమ్మిదో తరగతి పిల్లాడొకడు ఇకో క్లబ్బు తరఫున దరఖాస్తు రాశాడనుకుందాం. మార్చి 15 నుంచి రోజూ పదకొండింటికి మా గదిలో ఎంత వేడి ఉందో పట్టిక జతచేశాను. గడిచిన మూడేళ్లలో మా బడిలో నాటిన మొక్కలెన్ని, బతికినవి ఎన్ని, బిల్లు ఎంత? మా పైకప్పుకు తెల్ల పూత ఎప్పుడు వేస్తారు? మా ఊరి చెరువు శిఖం మొత్తం ఎన్ని ఎకరాలు, అందులో ఇళ్లు లేచినవి ఎన్ని, ఎవరి పేరున? కింద సంతకం, తరగతి, రోల్ నంబరు.

హెడ్మాస్టరు గారు కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదువుతారు. కిటికీలోంచి బయటికి చూస్తారు, కమిటీ చైర్మన్ గారి బండి ఆగి ఉందేమోనని. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటారు.

"చేతిరాత బాగుందిరా" అంటారు. "రేపు వచ్చేటప్పుడు మీ నాన్నను తీసుకునిరా."